పంటి ఎక్స్‌రేలో కృత్రిమ మేధ: మన సీమ క్లినిక్కులకు ఎంతవరకు పనికొస్తుంది?

కొండారెడ్డి బురుజు (కర్నూలు, దంతవైద్యుడు):

సభ్యులందరికీ నమస్కారం. కర్నూలులో నాది రెండు కుర్చీల చిన్న క్లినిక్. చిన్న ఎక్స్‌రేలను నేరుగా కంప్యూటరు తెర మీద చూపే ఆర్వీజీ సెన్సరు ఉంది. ఓపీజీ (రెండు దవడలూ ఒకేసారి కనిపించే పెద్ద ఎక్స్‌రే), సీబీసీటీ (దవడల త్రీడీ స్కాన్) కావాలంటే రోగిని స్కానింగ్ సెంటరుకు పంపుతాను. ఈమధ్య ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, ఎక్స్‌రేను తానే చదివి పుచ్చు ఉన్నచోట, ఎముక తగ్గినచోట రంగులు వేసి చూపే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేరును కొంతకాలం ఉచితంగా వాడి చూడమని ఇచ్చి వెళ్లారు. రోగికి వివరించడానికి అది బాగానే ఉందని ఒప్పుకోవాలి. నలుపు తెలుపు నీడల్లో నేను ఎంత వేలు పెట్టి చూపినా అర్థం కానివారికి, తెర మీద ఎర్రటి గీత పడగానే నమ్మకం కుదురుతోంది. నన్ను ఆలోచనలో పడేసింది కూడా ఆ నమ్మకమే. నా కంటికి అందని జబ్బును అది నిజంగా పట్టుకుంటోందా, లేక నాకు అక్కరలేని నీడలను కూడా జబ్బుగా చూపుతోందా అన్నది మొదటి ప్రశ్న. ఎక్కడో విదేశాల్లో నేర్చుకున్న ఆ సాఫ్ట్‌వేరు మన ప్రాంతపు పళ్లను ఎంత సరిగా చదవగలదన్నది రెండోది. ఏడాది చందా కట్టే ముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని ఇక్కడ అడుగుతున్నాను.

హంద్రీ (కర్నూలు, ఆర్థోడాంటిస్టు):

పళ్లు సరిచేసే మా విభాగంలో దీని ఉపయోగం గురించి పెద్దగా వాదన లేదు. పక్క నుంచి తీసే తల ఎక్స్‌రే, అంటే సెఫలోగ్రామ్ మీద సెల్లా, నేజియాన్ వంటి ఎముక గుర్తులను పెన్సిలుతో ట్రేసింగ్ కాగితంపై పెట్టి కోణాలు కొలిచే పని ఇప్పుడు సాఫ్ట్‌వేరు క్షణాల్లో చేస్తోంది. 2 మిల్లీమీటర్ల లోపు తేడాను ఆమోదయోగ్యంగా తీసుకోవడం ఈ రంగంలో పరిపాటి. స్పష్టంగా కనిపించే గుర్తుల దగ్గర అది ఆ హద్దులోనే ఉంటుంది. పోరియాన్ వంటి మసక గుర్తుల దగ్గర మాత్రం నేను ప్రతిసారీ చేత్తో జరుపుతాను. అయితే అక్కడ ఉన్న గుర్తును కొలవడమే పని. పుచ్చు ఉందా లేదా అని తేల్చడం వేరే సంగతి కాబట్టి, ఆ విషయం రేడియాలజీ వారు చెబితేనే బాగుంటుంది.

పెన్నా ఒడ్డు (కడప, ఓరల్ రేడియాలజీ అధ్యాపకురాలు):

బురుజు గారి రెండు ప్రశ్నల్లో రెండోదే నాకు ముఖ్యమైనదిగా తోస్తోంది. కానీ మొదటిది చెప్పకుండా దాని దగ్గరికి వెళ్లలేం.

ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి పునాది, ఉదాహరణలు చూసి చిత్రాల్లోని ఆకారాలను గుర్తుపట్టడం నేర్చుకునే కన్వల్యూషనల్ న్యూరల్ నెట్‌వర్కులు. వైద్య చిత్రాల్లో ఒక్కొక్క భాగాన్ని అంచులతో సహా విడదీయడానికి 2015లో జర్మనీ పరిశోధకులు రూపొందించిన యూ-నెట్, దాని నమూనాలో వచ్చిన తర్వాతి పద్ధతులు దంత చిత్రాల్లో విస్తారంగా వాడుతున్నారు. దంతవైద్యులు గీతలు గీసి ఇచ్చిన వేల ఎక్స్‌రేలను చూపి దానికి శిక్షణ ఇస్తారు. అంటే అది నేర్చుకున్నది జబ్బును కాదు, జబ్బు ఇక్కడ ఉందని కొందరు వైద్యులు అనుకున్న చోటును. పన్నును కోసి సూక్ష్మదర్శినిలో చూసి నిర్ధారించినవి ఆ శిక్షణ చిత్రాల్లో చాలా తక్కువగా ఉంటాయన్న సంగతి అమ్మకపు కరపత్రాల్లో కనిపించదు.

అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2021లో ఓవర్‌జెట్ సంస్థ తెచ్చిన ఎముక మట్టం కొలిచే సాఫ్ట్‌వేరుకు, 2022లో పర్ల్ సంస్థవారి ‘సెకండ్ ఒపీనియన్’కు అనుమతి ఇచ్చింది. రెండూ వైద్యుడికి సహాయంగా వాడవలసినవే తప్ప, వైద్యుడి బదులు రోగనిర్ధారణ చేసేవి కావు. ఇవి నిజంగా అక్కరకొచ్చే చోట్లు ఉన్నాయి. రెండు దవడపళ్లు ఆనుకునే చోట పుట్టే పుచ్చు నోట్లో చూస్తే కనిపించదు. పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లో ఖనిజం దాదాపు 30 నుంచి 40 శాతం పోయేదాకా ఎక్స్‌రేలోనూ కనబడదు. కనిపించడం మొదలైన తొలి దశలో ఆ మసక నీడను, సాయంత్రం ఆరింటికి అలసిపోయిన కన్ను వదిలేయడం మామూలే, సాఫ్ట్‌వేరు అలసిపోదు. అయితే దానికి ఇవ్వవలసింది బైట్‌వింగ్, అంటే పళ్ల మధ్య కరిచి పట్టించి పై, కింది దవడపళ్లను కలిపి తీసే ఎక్స్‌రే. మన దగ్గర చాలా క్లినిక్కుల్లో బైట్‌వింగ్ తీసే అలవాటే లేదు. నొప్పి ఉన్న పన్నుకు ఒక పెరియాపికల్ (వేరు కొసదాకా చూపే చిన్న ఎక్స్‌రే) తీసి, దాంట్లోనే అన్నీ వెతుకుతారు. కోణం కాస్త తప్పితే పక్కపక్క పళ్లు ఒకదాని మీద ఒకటి పడి, ఆనుకునే చోటే చూడటానికి వీల్లేకుండా పోతుంది. అలాంటి ఎక్స్‌రేను కొన్ని సాఫ్ట్‌వేర్లు పనికిరాదని తిప్పికొడతాయి, కొన్ని మాత్రం దాని మీదా గీతలు గీసేస్తాయి. మీ చేతికి వచ్చినది ఏ రకమో ముందు చూసుకోండి.

ఇక అది తడబడే చోట్లు. పంటి మెడ దగ్గర ఎనామిల్ అంతమై ఎముక మొదలయ్యే మధ్య జాగాలో కిరణాలు ఎక్కువగా దూసుకుపోయి ఒక నల్లని నీడ పడుతుంది. మేము దాన్ని సర్వైకల్ బర్నౌట్ అంటాం. అది జబ్బు కాదు. కింది ప్రీమోలార్ల (కోరపన్ను వెనక ఉండే చిన్న దవడపళ్ల) వేరు కొసన మెంటల్ ఫొరామెన్ అనే, నరం బయటికి వచ్చే సహజమైన ఎముక రంధ్రం పడితే అచ్చం చీము గడ్డలాగా ఉంటుంది. పై ముందు పళ్ల మధ్య ఉండే ఎముక రంధ్రమూ అంతే. విద్యార్థులు మొదటి ఏడాది పొరబడేది వీటి దగ్గరే. యంత్రమూ వీటి దగ్గరే పొరబడుతుంది. తేడా ఏమిటంటే, అనుమానం వస్తే విద్యార్థి కోణం మార్చి ఇంకో ఎక్స్‌రే తీసి చూస్తాడు, లేదా ఆ పన్నుకు చల్లదనం తగిలించి నరం బతికి ఉందో లేదో తెలుసుకుంటాడు.

ఇప్పుడు మన పళ్ల సంగతి. అనంతపురం జిల్లాలో, కడప, కర్నూలు జిల్లాల్లోని చాలా మండలాల్లో బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండవచ్చు, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. అంతకు మించిన నీటిని పసితనం నుంచి తాగినవారి పళ్లకు గార (ఫ్లోరోసిస్ అనే మచ్చలు, చారలు) పడుతుంది. తీవ్రమైతే ఎనామిల్ మీద గుంటలు పడి పెచ్చులు లేస్తుంది. ఎక్స్‌రేలో ఆ గుంటలు నీడలుగా పడతాయి. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక అనంతపురం పల్లెల్లో చాలాచోట్ల పరిస్థితి మెరుగుపడింది. కానీ అంతకు ముందే పళ్లు ఏర్పడినవారు ఇప్పుడు నడివయసులో ఉన్నారు, మన కుర్చీల్లో కూర్చునేది వారే. దీనికి తోడు బొగ్గుపొడితో, బూడిదతో, ఇటుకపొడితో అడ్డంగా రుద్ది పంటి మెడ దగ్గర కోత పడినవారు ఉన్నారు. ఆ కోత ఎక్స్‌రేలో మెడ చుట్టూ నల్లని పట్టీలా కనబడి, వేరు మీద పుచ్చు పట్టినట్టు భ్రమ కలిగిస్తుంది. నోరు తెరిచి చూసి, ప్రోబుతో తాకితే, గట్టిగా నున్నగా ఉన్న ఆ కోతను గుర్తించడానికి అరనిమిషం చాలు. నోరు చూడని సాఫ్ట్‌వేరుకు ఆ దారి లేదు. ఇలాంటి నోళ్లు తక్కువగా ఉన్న దేశపు చిత్రాలతో నేర్చుకున్నదైతే ఇంకా ఇబ్బంది.

ప్రొద్దుటూరు పెద్ద (దంతవైద్యుడు):

మేడమ్ చెప్పిన చివరి మాట ఒక్కటి చాలు, నా అభిప్రాయం చెప్పడానికి. రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్న మరుసటి ఏడాదే, 1896లో, జర్మనీలో ఒట్టో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు నోట్లో ప్లేటు పెట్టుకుని 25 నిమిషాలు కదలకుండా ఉండి తన పళ్ల చిత్రం తీసుకున్నాడు. అప్పటినుంచి ఫిల్ము వచ్చింది, ఆర్వీజీ వచ్చింది, సీబీసీటీ వచ్చింది; ప్రతిదీ చూపు పెంచింది కానీ ఏదీ వైద్యుడి తరఫున మాట్లాడలేదు. ఇది మాట్లాడుతోంది. రేపు పన్ను అనవసరంగా తొలిచారని రోగి వినియోగదారుల కమిషనుకు వెళితే, తెర మీద ఎర్రగీత చూపి తప్పించుకోగలమా? బాధ్యత నాది, మాట దానిది అయినప్పుడు, ఆ మాట నాకెందుకు?

టవర్‌క్లాక్ మాస్టారు (అనంతపురం):

డాక్టర్ల మధ్య చొరబడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను ఉపాధ్యాయుణ్ణి, వైద్యం తెలిసినవాణ్ణి కాదు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. మా ఊళ్లో ఒక క్లినిక్కుకు తీసుకెళితే, కంప్యూటరే పసిగట్టిందని అయిదు పళ్ల మీద రంగు డబ్బాలు చూపి, అయిదింటికీ ఫిల్లింగు వేయాలన్నారు. ఇంకొక డాక్టరు గారు అవే ఎక్స్‌రేలు చూసి, నోరు పరీక్షించి, రెండింటికే వేయాలని, మిగతా మూడింటిని కనిపెట్టుకుని ఉంటే చాలని అన్నారు. ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కంప్యూటరు చూపిన పుచ్చు నిజంగా ఉన్నప్పటికీ, దాన్ని తొలవకుండా వదిలేయవచ్చా అన్నది మాత్రం నాకు అర్థం కావడం లేదు.

పెన్నా ఒడ్డు (కడప):

మాస్టారు గారూ, వదిలేయవచ్చు. చాలాసార్లు వదిలేయాలి కూడా. పుచ్చు ఎనామిల్‌లోనే ఉండి పైపొర చెక్కు చెదరకుండా ఉంటే, దాన్ని తొలవడం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఎందుకంటే ఒకసారి తొలిచిన పన్నుకు వేసిన ఫిల్లింగును జీవితకాలంలో మళ్లీ మళ్లీ మార్చవలసి వస్తుంది. ఫ్లోరైడు వార్నిష్ పూయడం, తీపి తినే వేళలు తగ్గించడం, కొన్నాళ్లకు మళ్లీ బైట్‌వింగ్ తీసి నీడ పెరిగిందో లేదో పోల్చడం దానికి చికిత్స. ఎనామిల్ కింది పొర అయిన డెంటిన్‌లోకి దిగి గుంట పడినదానికే ఫిల్లింగు. సాఫ్ట్‌వేరు ఉందని చెప్పింది నిజమే కావచ్చు. ఏం చేయాలన్నది అది చెప్పిన మాట కాదు, ఆ రెంటినీ కలిపేసింది మనిషే.

మీ జిల్లాలో ఫ్లోరైడు మాట వినగానే భయపడతారు కాబట్టి ఇంకొక్క మాట. గార పట్టేది పళ్లు ఎముకలో తయారవుతున్న చిన్న వయసులో కడుపులోకి వెళ్లిన ఫ్లోరైడు వల్ల. పద్నాలుగేళ్ల పిల్లకు పంటి పైన పూసే వార్నిష్ వల్ల పైకి వచ్చేసిన పళ్లకు గార పట్టదు.

సీమ సాఫ్ట్‌వేరు (అనంతపురం, ఉద్యోగం బెంగళూరు):

వైద్య చిత్రాల విశ్లేషణలో పనిచేసేవాణ్ణి కాబట్టి మాస్టారి ప్రశ్నకు లెక్కల వైపు నుంచి ఒక మాట చేర్చుతాను. కంపెనీలు తొంభై శాతం ఖచ్చితత్వం అన్నప్పుడు అది దేని శాతమో అడగాలి. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక క్లినిక్కులో 1000 పంటి ముఖాలు, అంటే పళ్ల పక్కలు, పరీక్షించారనుకోండి. వాటిలో నిజంగా పుచ్చు ఉన్నవి 50 అనుకోండి. సాఫ్ట్‌వేరు ఉన్న జబ్బులో 90 శాతాన్ని పట్టుకుంటుంది, లేనిచోట లేదని 90 శాతం సార్లు సరిగా చెబుతుంది అనుకుందాం. అప్పుడు 50లో 45 పట్టుకుంటుంది. మిగతా 950 ఆరోగ్యమైన ముఖాల్లో 95 చోట్ల ఉత్తపుణ్యానికి ఎర్రగీత గీస్తుంది. మొత్తం 140 గీతల్లో 95 తప్పుడువే. రెండు తొంభైలు కలిపి ఇంత తప్పు ఎలా ఇస్తాయని ఆశ్చర్యం కలుగుతుంది కానీ, జబ్బు అరుదైన చోట ఏ పరీక్షకైనా ఇదే గతి. ఇంటింటికీ తిరిగి అందరి పళ్లూ చూసే శిబిరంలో దాని మాటకు ఉండే విలువ వేరు, నొప్పితో వచ్చినవారి ఎక్స్‌రే మీద ఉండే విలువ వేరు.

చాలా సాఫ్ట్‌వేర్లలో హెచ్చరిక ఎంత నమ్మకం ఉంటే చూపాలో నిర్ణయించే మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఒకవైపు జరిపితే ఏదీ తప్పిపోదు కానీ తప్పుడు గీతలు పెరుగుతాయి. ఇంకోవైపు జరిపితే గీతలు తగ్గుతాయి కానీ నిజమైనవి కొన్ని జారిపోతాయి. ఆ మీట మీ చేతిలో ఉందా, కంపెనీ చేతిలో ఉందా అని బురుజు గారు తప్పక అడగాలి. ఫిల్లింగులు ఎక్కువ జరిగితే లాభపడే వ్యాపారంలో ఆ మీట ఎటు జరుగుతుందో ఊహించడానికి గణితం అక్కరలేదు.

మరొక జాగ్రత్త. సెన్సరు ఇచ్చే చిత్రంలో మన కంటికి కనిపించేదానికన్నా ఎన్నో ఎక్కువ బూడిద ఛాయలు ఉంటాయి. దాన్ని ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఆ ఛాయలు నలిగిపోతాయి. తొలి పుచ్చు దాగి ఉండేది ఆ ఛాయల్లోనే. వాట్సాప్ చిత్రాన్ని సాఫ్ట్‌వేరులో వేసి ఫలితం అడిగితే ఏదో ఒకటి చెబుతుంది, చెప్పకుండా ఉండదు.

రాయదుర్గం డెంటిస్టు (అనంతపురం జిల్లా):

పల్లె శిబిరాల్లో నాకు ఎదురైనది చెబుతాను. ఎక్స్‌రే కాదు, ఫోను కెమెరాతో పళ్ల ఫొటో తీస్తే పుచ్చు చెప్పే ఒక యాప్‌ను పాఠశాల పిల్లల మీద ప్రయత్నించాం. ఫ్లోరైడు నీటి ఊళ్ల పిల్లల పళ్లపై ఉండే సుద్దలాంటి తెల్లని చారలను అది తొలి దశ పుచ్చుగా గుర్తించింది. తరగతి మొత్తానికి పుచ్చు అంటే తల్లిదండ్రులు ఏమనుకుంటారు? రెండువైపులా ఒకే జోడు పళ్ల మీద, పొరలు పొరలుగా, అంచు కలిసిపోయేలా ఉంటే అది గార. చిగురు అంచున పాచి నిలిచే చోట ఒక్క మచ్చగా ఉంటే పుచ్చుకు మొదలు అని మనకు తెలుసు. నీరు ఎక్కడిదని అడిగినా సగం తేలిపోతుంది. యాప్ ఆ ప్రశ్న అడగలేదు.

అయినా నేను పెద్దాయన మాటతో పూర్తిగా ఏకీభవించలేను. మా చుట్టుపక్కల రేడియాలజిస్టు అందుబాటులో లేరు. ఓపీజీ తీయించుకుని వచ్చిన వ్యక్తికి జ్ఞానదంతం గురించి మాత్రమే చూసి, దవడ రెండో చివరన ఉన్న తిత్తిని వదిలేసిన సందర్భాలు మన వృత్తిలో ఉన్నాయి. ఓపీజీ మొత్తాన్ని ఒకసారి జల్లెడ పట్టి, ఇక్కడ కూడా చూడండి అని చెప్పేది ఒకటి ఉంటే నాలాంటివాడికి అది కాదనలేని సాయం.

ప్రొద్దుటూరు పెద్ద:

అది ఒప్పుకుంటాను. చిగుళ్ల జబ్బు విషయంలో కూడా దాని కొలతలను కాదనను. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎనామిల్ అంచు నుంచి ఎముక గట్టు సుమారు 2 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. 2018 వర్గీకరణలో ఎముక నష్టం వేరు పొడవులో 15 శాతం లోపా, 33 శాతం లోపా, అంతకు మించా అని చూసి దశ నిర్ణయిస్తున్నాం. ముప్ఫై పళ్లకు ఆ లెక్క చేత్తో ఎవరూ కట్టరు, కంటితో ఉజ్జాయింపుగా రాసేస్తాం. యంత్రం కొలిచి ఇస్తే, ఆరు నెలల తరువాత మళ్లీ అదే తీరున కొలిచి ఇస్తే, పోల్చడానికి వీలుంటుంది. నా అభ్యంతరం కొలత మీద కాదు, తీర్పు మీద. ఇంకా చెప్పాలంటే, చదువుకుంటున్న పిల్లల మీద దీని ప్రభావం గురించి నాకు ఎక్కువ దిగులు. మొదటినుంచీ రంగు గీతలతో ఎక్స్‌రే చూసిన విద్యార్థికి గీతలు లేని ఎక్స్‌రే ఇస్తే ఏం చేస్తాడు?

పెన్నా ఒడ్డు (కడప):

ఆ దిగులు మాకూ ఉంది. అందుకే ముందు తానే చదివి, చూసింది కాగితం మీద రాసి, ఆ తరువాతే సాఫ్ట్‌వేరు చూపింది తెరవాలన్నది నేను విద్యార్థులకు పెట్టిన నియమం. ముందే గీతలు చూస్తే, లేనిది కూడా ఉన్నట్టు కంటికి కట్టడం, గీత లేనిచోట వెతకడం మానేయడం రెండూ జరుగుతాయి. రెండోది మరీ ప్రమాదకరం. ఎందుకంటే తప్పుడు గీతను పరీక్షించి కొట్టేయవచ్చు, గీయని గీతను ఎవరూ తిరిగి చూడరు.

ఇంకొకటి. సాఫ్ట్‌వేరు ఉంది కదా అని ఎక్స్‌రేలు పెంచకండి. బైట్‌వింగ్ మోతాదు కొద్ది మైక్రోసీవర్టులే (ఒంటికి తగిలే కిరణాల కొలమానం), కానీ సీబీసీటీ పరికరాన్ని, తీసే పరిధిని బట్టి పదుల నుంచి వందల మైక్రోసీవర్టుల దాకా పోతుంది. నరం కాలువకు జ్ఞానదంతం ఎంత దగ్గరగా ఉందో సీబీసీటీలో సాఫ్ట్‌వేరు రంగు వేసి చూపడం చాలా ఉపయోగకరం. ఆ రంగు చూడటం కోసమే సీబీసీటీ తీయించడం మాత్రం సమర్థనీయం కాదు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీట విషయం నేను అసలు అడగలేదు, రేపే అడుగుతాను. రోగుల ఎక్స్‌రేలు ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వరుకు వెళుతున్నాయి. ఇందులో చట్టం ఏమంటుందో సీమ సాఫ్ట్‌వేరు అన్న చెప్పగలరా?

సీమ సాఫ్ట్‌వేరు (బెంగళూరు):

అన్నా, నాకు తెలిసినంతలో మూడు సంగతులు. 2017 వైద్య పరికరాల నియమాల కింద, 2020 ఏప్రిల్ 1 నుంచి రోగనిర్ధారణకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేరు కూడా వైద్య పరికరమే. కాబట్టి విదేశీ అనుమతి పత్రం చూపితే సరిపోదు, ఇక్కడి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ (సీడీఎస్‌సీవో) పత్రం అడగండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం రోగి సమ్మతి లేకుండా అతని వివరాలను ఇష్టం వచ్చినట్టు వాడుకోవడాన్ని ఒప్పుకోదు. వైద్యంలో కృత్రిమ మేధకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా అదే ఏడాది నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. ఆచరణలో మీరు చేయవలసింది ఇది: చిత్రం ఫైలు లోపలే రోగి పేరు, వయసు దాగి ఉంటాయి, పంపేముందు అవి తొలగుతున్నాయో లేదో చూడండి. మీ రోగుల చిత్రాలతో తమ సాఫ్ట్‌వేరుకు మరింత శిక్షణ ఇచ్చుకుంటారా లేదా అన్నది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. నా సొంత అభిప్రాయంలో ఆ శిక్షణ జరగడమే మంచిది, మన పళ్లు చూడకుండా అది మన పళ్లు నేర్చుకోలేదు. కానీ రోగిని అడిగి జరగాలి.

పెన్నా ఒడ్డు (కడప):

బురుజు గారూ, ఉచిత గడువు ముగిసేలోగా మీ పాత ఎక్స్‌రేల మీద ఒక పరీక్ష పెట్టి చూడండి. ఎక్స్‌రే తీశాక మీరు ఆ పన్నును తెరిచి చూసినవి, అంటే లోపల పుచ్చు ఉందో లేదో మీకు నిశ్చయంగా తెలిసినవి తీసుకోండి. వాటితో పాటు గార పట్టినవి, మెడ దగ్గర కోత పడినవి, ఏ జబ్బూ లేనివి తగినన్ని కలపండి. జబ్బు ఉన్నవే ఇస్తే ఏ సాఫ్ట్‌వేరైనా నెగ్గుతుంది. గార పట్టిన గుంపును విడిగా లెక్కకట్టండి. మొత్తం సగటులో ఆ గుంపు తప్పులు కనబడకుండా పోతాయి. అదే పరీక్ష మీరు కూడా, పేర్లు తీసేసి, ఫలితం చూడకుండా రాయండి. మీకన్నా అది ఎక్కడ మెరుగో, ఎక్కడ మీరు మెరుగో తెలిశాక చందా సంగతి ఆలోచించవచ్చు.

హంద్రీ (కర్నూలు):

ఆ కట్టలో పాత సిల్వర్ ఫిల్లింగులు, క్యాపులు, బ్రేసులు ఉన్న ఎక్స్‌రేలు కూడా కొన్ని కలపండి. ఆర్వీజీ సాఫ్ట్‌వేరులో అంచులు పదునుగా చూపే ఫిల్టరు వేసి ఉంటే లోహం పక్కన సన్నని నల్లని అంచు పడుతుంది. ఫిల్లింగు కింద మళ్లీ పుచ్చినట్టే ఉంటుంది. ఒకే ఎక్స్‌రేను ఫిల్టరు వేసి ఒకసారి, తీసేసి ఒకసారి ఇచ్చి చూడండి. రెండుసార్లకూ గీత మారితే, ఫిల్టరు లేకుండా పంపడం క్లినిక్కులో అందరికీ అలవాటు చేయించండి. నా దగ్గర బ్రేసులు ఉన్నవారివి, సమ్మతి తీసుకున్నవి కొన్ని ఉన్నాయి, కావాలంటే పేర్లు తీసేసి ఇస్తాను.